నయమైందని చెప్పమన్నారు

సోలాపూర్ పొలిమేరలో తెలుగు నేతగాళ్ల బస్తీని ఆనుకుని ఓ చిన్న ధర్మాసుపత్రి ఉండేది. 1988 నాటికి అది చతికిలబడింది. జీతం అందక డాక్టరు మానేశాడు, కరెంటు కూడా పోయింది. అప్పుడు మరమగ్గాల యజమాని గంగాధర్ సేఠ్ ఆసుపత్రి ట్రస్టు బాధ్యత తీసుకున్నాడు. టీబీ వార్డులో మనుషులు నెలల తరబడి ఉచితంగా తిని పడుకుంటున్నారని, దాన్ని కాన్పుల వార్డు చేస్తే హోట్గి రోడ్డులోని డబ్బున్నవాళ్లు కూడా వస్తారని తేల్చాడు.

ఆయా ద్రౌపదిని పిలిచాడు.

"పెద్ద దవాఖానకు పొమ్మంటే పోరు, గేటుకాడ కూసుంటరు. నయమైందని చెప్పు. నువ్వైతే మనోళ్ల మనిషివి, నమ్ముతరు."

"సూదులు ఇంక సగం గూడ కాలే సేఠ్."

"దవాఖానే మూతపడ్తే ఎవలకు నయమైతది? నీ నౌకరీ పక్కా చేస్త."

ద్రౌపదికి మగడు లేడు. మళ్లీ బీడీల చేట ముందు కూర్చునే ఓపికా లేదు. ఒక్కొక్కరికీ చెప్పింది. వాళ్లు దండాలు పెట్టి మూటలు సర్దుకున్నారు. చివరికి సొంత తమ్ముడు కొమురయ్య మంచం దగ్గర ఆగింది.

"తమ్మీ, నీకు బరా అయింది, రోగం పోయింది. ఇంటికి పో."

"డాక్టర్ జెప్పిండా?"

"ఆఁ, పోయేటప్పుడు జెప్పిండు."

కొమురయ్య కళ్లు తుడుచుకున్నాడు. "ఇగ బిడ్డను ఎత్తుకోవచ్చా అక్కా?"

ఆమె అతని దుప్పటి మడతపెట్టింది. "ఎత్తుకో" అంది.

ఆసుపత్రి నిజంగానే లేచి నిలబడింది. జనరేటర్ వచ్చింది. లేడీ డాక్టరు రాత్రింబవళ్లూ అక్కడే ఉండేది. దారిలో ప్రాణాలు పోయే గర్భిణులు ఇప్పుడు బిడ్డలతో ఇళ్లకు వెళుతున్నారు. ద్రౌపది ఉద్యోగం ఖాయమైంది. తమ్ముడు మళ్లీ చద్దర్లు నేస్తున్నాడని విని, ఏమో, నిజంగానే నయమైందేమో అనుకుంది.

వానలు వెలిశాక కొమురయ్య తన కూతురు భాగ్యను భుజాన వేసుకొచ్చాడు. ఆ పిల్ల మెడ కర్రలా బిగుసుకుపోయి ఉంది.

"ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా?" డాక్టరమ్మ అడిగింది.

"నాకుండె. ఈ దవాఖానలనే నయం చేసిన్రు. మా అక్కనే చెప్పింది" అన్నాడు గర్వంగా.

డాక్టరమ్మ ద్రౌపది వైపు చూసింది. ఇది మెదడుకు పాకిన టీబీలా ఉందని, ఇక్కడ టీబీకి పడక లేదని, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని చెప్పింది. పిల్ల ఆటోలోనే పోయింది.

మట్టి చేసి వచ్చాక కొమురయ్య అక్కను పక్కకు పిలిచాడు.

"అక్కా, ఆనాడు డాక్టర్ నిజంగనే జెప్పిండా?"

"జెప్పిండు తమ్మీ." ఆమె నేల చూస్తూ మళ్లీ అంది: "పొద్దుందాక బిడ్డను పోచమ్మ ఆడిస్తుండె గద. ఆమె దగ్గు నువ్వెన్నడు చూడలేదా?"

పోచమ్మ పక్కింటి ముసలిది. బీడీలు చుడుతూ పొగాకు ధూళికి దగ్గేది. కొమురయ్య నేరుగా వెళ్లి ఆమె పొయ్యిని కాలితో తన్నాడు. మరునాటి నుంచి బస్తీలో ఎవరూ ఆమెను గడప తొక్కనివ్వలేదు. బీడీ కార్ఖానావాడు ఆకు ఇవ్వడం మానేశాడు.

కొన్నాళ్లకు పోచమ్మ ఆసుపత్రికి వచ్చింది.

"ద్రౌపదీ, నాకా రోగం లేదని డాక్టర్‌తోని చెప్పియ్యి బిడ్డా. నీ మాటంటే అందరు ఇంటరు."

"ఆ రోగం ఇక్కడ చూడరు పోచవ్వా" అని ద్రౌపది గేటు దగ్గరకు వేసింది.