చిన్న గాదె

"కాలరు సరిగ్గా చూడు. ఇవాళ ఫొటోలు తీస్తారు" అన్నాడు భర్త, అద్దం ముందు నుంచి కదలకుండానే. ఆమె చొక్కా తిరగేసి, కాలరు మీద ఇస్త్రీపెట్టె మరోసారి నడిపింది. "అన్నట్టు, స్పీచులు అయ్యేసరికి టీలు రెడీగా ఉండాలి. అతిథిగారికి చక్కెర వద్దు." ఆమె ఊఁ అంది. ప్రారంభోత్సవం జరగబోయేది ఆమె పుస్తకాల షాపుకి. ఆ వేడుకలో ఆమెకు అప్పగించిన పని మాత్రం టీలు.

ఊరి చివర, రైలు రావడం మానేసిన పట్టాల పక్కన మూడు సిమెంటు గాదెలు ఉండేవి. ఒకప్పుడు చుట్టుపక్కల పండిన ధాన్యమంతా వాటిలోకే చేరేది. కొత్త గోదాములు వేరేచోట కట్టాక, పావురాలు తప్ప వాటి మొహం చూసినవాళ్లు లేరు. ఆమె పనిచేసే బడిలో లైబ్రరీ ఎత్తేసి కంప్యూటర్లు పెట్టినప్పుడు లైబ్రేరియన్ ఉద్యోగం పోయింది. చెత్తలో పడెయ్యబోయిన పుస్తకాలను మూటలు కట్టి ఇంటికి తెచ్చుకుంది. "ఈ చెదల సంత ఎక్కడ పెడతావే, నా నెత్తిన పెడతావా?" అంది అత్తగారు. ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తుంటే ఆ గాదెలు గుర్తొచ్చాయి. వాటిని తన పేర చిన్న అద్దెకు తీసుకుని, అక్కడే పుస్తకాల షాపు పెట్టాలనుకుంది.

పొద్దున్నే లేచి ముగ్గురికి మూడు రకాలుగా వండి, అత్తగారి మోకాళ్లకు తైలం రాసి, భర్త డబ్బా సర్ది, ఆ తర్వాతే గాదెల దగ్గరికి వెళ్లేది. బస్సు కండక్టరుగా చేసే పక్కింటావిడ సెలవు దొరికినప్పుడల్లా చీపురు పట్టుకుని వచ్చేది. ఇద్దరూ ముక్కులకు గుడ్డలు కట్టుకుని, గోడలకు అట్టలు కట్టిన పాత ధూళిని గీకారు. ముక్కిపోయిన గింజలను, పావురాల రెట్టను బుట్టలకెత్తి బయటికి మోశారు. ఆ దుమ్ముకు పట్టుకున్న దగ్గు వానాకాలమంతా వదల్లేదు. గుండ్రటి గోడకు తిన్నని అల్మరా ఆనదు. వడ్రంగి తల పట్టుకుంటే, చెక్కను బద్దలుగా కోయించి, పక్కన కూర్చుని వంపు తిప్పించింది. "ఇంట్లో బూజు దులపడానికి తీరిక ఉండదు గానీ, పావురాల రెట్ట ఎత్తడానికి బోలెడు తీరిక" అని అత్తగారు వచ్చేపోయేవాళ్లకు చెప్పేది. కాలేజీలో పాఠాలు చెప్పే భర్త అంత మాట కూడా అనేవాడు కాదు. "నీ పిచ్చి నీది. నా భోజనం వేళకు ఉంటే చాలు" అనేవాడు.

తర్వాత ఎవరో వచ్చి ఫొటోలు తీసుకెళ్లారు. పేపర్లో పడింది. అంతవరకూ 'నీ పిచ్చి'గా ఉన్నది ఆ రోజు నుంచి 'నా కల' అయింది. మధ్యలో ఒక్క పూటైనా 'మన' కాలేదు. ఒక కమిటీ పుట్టింది, దానికి ఆయనే అధ్యక్షుడు. "టిక్కెట్టు కొట్టించుకోకుండా ఎక్కి, పోయి ముందు సీట్లో కూచున్నాడే మీ ఆయన!" అంది కండక్టరమ్మ. ఆమె కూడా పడీపడీ నవ్వింది. అప్పుడెందుకు నవ్వానా అని తర్వాత తన మీద తనకే ఒళ్లు మండింది.

పెద్ద గాదె పుస్తకాల షాపు. రెండోది పాటలకు, నాటకాలకు. మూడోది చిన్నది. దాన్ని ఆమె మధ్యాహ్నాలు ఆడవాళ్లు వచ్చి చదువుకోవడానికని ఉంచింది. నాలుగు చాపలు, ఒక దీపం, ఒక మంచినీళ్ల కుండ. అంతే. ప్రారంభం కాకముందే వాళ్లు రావడం మొదలుపెట్టారు. రాత్రి డ్యూటీ దిగిన నర్సు వచ్చేది. మిషను కుట్టి కళ్లు లాగిన దర్జీ వచ్చి, ఎవరైనా చదివితే కళ్లు మూసుకుని వినేది. ఇంట్లో ఆడదాని చేతిలో పుస్తకం కనబడితే చాలు, ఎవరో ఒకరికి దాహం వేస్తుంది. ఆ గదిలో ఎవరికి దాహం వేస్తే వాళ్లే లేచి తాగేవాళ్లు.

టీ డ్రమ్ము ఆటోలోంచి దించుకుని ఆమె గాదెల దగ్గరికి చేరేసరికి, చిన్న గాదె గుమ్మం ముందు స్టూలు మీద బోర్డులు రాసే మనిషి నిలబడి ఉన్నాడు. చాపలు చుట్టి బయట గోడకు చేరేశారు. లోపల ఒక పెద్ద టేబులు, తిరిగే కుర్చీ.

"వచ్చారా అమ్మా! కాస్త తప్పులుంటే చెప్పండి. మీకు చూపించమన్నారు సారు."

గుమ్మం మీద ఎర్రరంగులో, ఇంకా తడి ఆరని అక్షరాలు. 'అధ్యక్షుల కార్యాలయం.'

ఆమె చదివింది. మళ్లీ చదివింది. తనను బయటికి నెట్టే మాటకు అచ్చుతప్పులు దిద్దే పని కూడా తనకే వదిలాడు. నిజమే, ఆయన రాసినవన్నీ దిద్దింది తనే కదా. దీర్ఘాలు, ఒత్తులు, తెగని వాక్యాలు అన్నీ దిద్దింది. ఆయన అచ్చేయించుకున్న పుస్తకం చివర 'ఓపికగా భరించిన నా శ్రీమతికి' అని వేసుకున్న ముక్కను కూడా తనే దిద్దింది. భరించిన! ఆ మాట ఒక్కటీ ఆయన తెలియక రాసిన నిజం. ఇన్నేళ్లూ కోపం వస్తే గిన్నెల మీద చూపించింది, బట్టల మీద చూపించింది. నీళ్లు ఎక్కువ పోసి కడిగేసుకుంది. ఇవాళ చేతిలో గిన్నె లేదు. బట్ట లేదు. కోపం ఎక్కడికీ పోకుండా నిటారుగా లోపల నిలబడింది.

"తప్పుల్లేవు. తుడిచెయ్యి" అంది.

"అమ్మా, సారు కోప్పడతారు."

"నాకూ కోపం వచ్చిందని చెప్పు."

అతను ఆమె మొహంలోకి ఒకసారి చూసి, గుడ్డకు కిరసనాయిలు అద్దుకున్నాడు. "తడి మీదే ఉందిలెండి, తొందరగా పోతుంది" అన్నాడు.

ఆమె టేబులు బయటికి లాగడం మొదలుపెట్టింది. రెండో కొస ఎవరో ఎత్తినట్టయి తల తిప్పితే కండక్టరమ్మ. ఇద్దరూ టేబులునీ, తిరిగే కుర్చీనీ తెచ్చి ఎండలో పెట్టారు. అప్పుడే భర్త వచ్చాడు, వెనక ఇద్దరు కమిటీవాళ్లతో.

"ఏంటిదంతా? అతిథిగారి కారు గేటు దగ్గరకొచ్చింది. ఏదున్నా ఇంట్లో మాట్లాడుకుందాం."

"ఇంట్లో మీరు మాట్లాడతారు, నేను వింటాను. ఇక్కడే చెప్పండి. ఈ గది ఎవరిది?"

"కమిటీది. కమిటీకి ఆఫీసంటూ ఒకటి ఉండాలిగా. నీ ఆడవాళ్లు కబుర్లు ఎక్కడైనా చెప్పుకుంటారు." ఆయన గొంతు తగ్గించాడు. "నువ్వు చేసిన సాయం ఎవరూ కాదనడం లేదు. స్టేజి మీద చెబుతాను కూడా."

"సాయమా? సాయం చేసింది ఈవిడ. వడ్రంగి సాయం చేశాడు. కట్టింది నేను. మీరు సాయం కూడా చెయ్యలేదు."

కమిటీవాళ్లు పట్టాల వైపు చూడసాగారు. ఆయన మొహం నల్లబడింది. గేటు వైపు చిన్న నవ్వు ఒకటి విసిరి, పళ్ల మధ్య నుంచి అన్నాడు: "పదిమందిలో పరువు తీస్తున్నావు. ఇలా చేసి మళ్లీ ఇంటి గడప ఎలా తొక్కుతావో చూస్తాను. తాళాలిలా ఇవ్వు."

అరచెయ్యి చాపాడు. ఇస్తుందన్న నమ్మకంతో, ఆమె వంక చూడకుండానే.

ఆమె నడుము దగ్గర దోపుకున్న గుత్తి తీసింది. గాదెల తాళాలు ఒక్కొక్కటే పక్కకు నెట్టి, చివరిదాన్ని రింగులోంచి బయటికి లాగింది. దాన్ని ఆయన అరచేతిలో పెట్టి, ఆయన వేళ్లను తనే మూసింది.

"ఇది ఇంటి తాళం. నువ్వే ఉంచుకో."