మామయ్య పలికితే పలకని కార్డు

"అక్కా" అన్న ఒక్క మాట పలికి టాబ్లెట్ మూగబోయింది.

ఫోన్‌కి అవతల, ఆసుపత్రి మంచం మీదున్న చూపులేని పెద్దావిడ ఎదురుచూసింది. ఇంకాసేపు చూసింది. ఆ తర్వాత ఆవిడ గొంతు స్పీకర్లోంచి హాలంతా మోగింది.

"పాత రికార్డేదో వేసి వినిపిస్తున్నార్రా నాకు? కళ్లు లేకపోతే చెవులు కూడా లేవనుకున్నారా? నా తమ్ముడు పోయాడు. నా దగ్గర దాస్తున్నారు. వాడు నాతో మాట్లాడేదాకా సంతకం పెట్టను, ఆపరేషనూ వద్దు, ఏమీ వద్దు!"

ఫోన్ కట్టయింది.

పోయాడని ఆవిడ అనుకుంటున్న తమ్ముడు సోఫా అంచున బతికే ఉన్నాడు. ఒళ్లో టాబ్లెట్, మెడకి తెల్లటి గుడ్డ. జీవితమంతా లిఫ్టులు బాగుచేసిన మనిషి. ఈ ఏడాది మొదట్లో గొంతులో కాన్సర్ అని తేలితే స్వరపేటిక తీసేసి, ఊపిరికి మెడలో కన్నం పెట్టారు. గుండె జబ్బు మనిషి తట్టుకోలేదని అక్కకి నిజం చెప్పలేదు. "గొంతు నొప్పి, డాక్టరు మాట్లాడొద్దన్నాడు" అంటూ నెట్టుకొచ్చారు. ఎన్ని నెలలని ఉంటుంది గొంతు నొప్పి? ఆవిడకి అనుమానం వచ్చింది. అది ముదిరి నమ్మకమైంది. కన్నకొడుకు ఒట్టేసి చెప్పినా వినడం లేదు.

ఇప్పుడు ఆవిడ గుండె కవాటం మార్చాలి. ఈ మధ్యాహ్నమే. ఇవాళ తప్పితే మళ్లీ వారం దాకా కుదరదు. వారం ఆగే గుండె కాదని డాక్టరు తేల్చేశాడు. వెళ్లి ఎదురుగా నిలబడదామంటే వాళ్లది ఒక రోజు ప్రయాణం దూరంలో ఉన్న ఊరు.

"ఏమైంది? పొద్దున పనిచేసింది కదా!" అంది ఆయన కూతురు. ఆమె చూపు మొగుడి మీద ఉంది.

అల్లుడు అప్పటికే స్టోర్ రూమ్ వైపు పరుగెత్తుతున్నాడు.

టాబ్లెట్ పలికే ఆ గొంతు అతని పనే. ఆఫీసులో సర్వర్లు చూసుకోవడం అతని ఉద్యోగం. గొంతు ఆపరేషన్‌కి ముందు వారం రోజులపాటు మామగారిని మైకు ముందు కూర్చోబెట్టి పుస్తకాలు చదివించాడు. "ఇన్నేళ్ల కాపురంలో నాతో మాట్లాడిన దానికంటే ఆ మైకుతోనే ఎక్కువ మాట్లాడారు" అని అత్తగారు మూతి తిప్పుకుంది. ఆ రికార్డింగులతో అల్లుడు ఒక లినక్స్ సర్వర్‌కి మామగారి గొంతు నేర్పాడు. ఇన్నాళ్ల తంటా తర్వాత ఇవాళ పొద్దునే అది పలకడం మొదలుపెట్టింది. హాల్లో టాబ్లెట్ మీద టైప్ చేస్తే ఆ మాటలు సర్వర్‌కి వెళతాయి. అది వాటిని ఆయన గొంతుతో పలికి వెనక్కి పంపుతుంది. సర్వర్ పాతది. పాత సూట్‌కేసులకీ, పాడైన మిక్సీకీ మధ్య కూర్చుని రొద పెడుతూ ఉంటుంది.

అల్లుడు మానిటర్ తగిలించి చూశాడు. సర్వర్ నడుస్తోంది. గొంతు ప్రోగ్రామూ బాగానే ఉంది. చచ్చిపడి ఉన్నది నెట్‌వర్క్ కార్డు. వెనక లైటు ఆరిపోయింది. బయటి నుంచి ఎవరు పిలిచినా పలకడం లేదు.

కార్డుని నడిపే ప్రోగ్రాముని, అదే డ్రైవర్‌ని, తీసేసి మళ్లీ ఎక్కించాడు. లైటు వెలిగింది. హాల్లోకి వచ్చి, టాబ్లెట్ తీసుకుని గబగబా ఏదో కొట్టాడు.

"ఒకటి రెండు మూడు నాలుగు" అంది మామగారి గొంతు.

"ఏదీ, నేను చూస్తా" అంటూ అత్తగారు లాక్కుంది. ఆవిడ వేళ్లు ఆవిడ నోటికి ఏ మాత్రం తీసిపోవు. "మందులేసుకున్నారా గ్యాసు కట్టేశారా ఆ చొక్కా మార్చుకోమని ఎన్నిసార్లు చెప్పాలి" అని మామగారి గొంతు ఆగకుండా చదివింది.

"హమ్మయ్య! పెళ్లయ్యాక మొదటిసారి ఈయన నోట నా మాట వచ్చింది."

మామగారు నవ్వారు. ఆయన నవ్వుకి ఇప్పుడు శబ్దం లేదు, భుజాలు కదులుతాయంతే. టాబ్లెట్ తీసుకుని నెమ్మదిగా టైప్ చేసి నొక్కారు.

నిశ్శబ్దం.

అల్లుడు స్టోర్ రూమ్‌లోకి పరుగు. కార్డు మళ్లీ చచ్చింది.

కేబుల్ మార్చాడు. అత్తగారు కొట్టింది, పలికింది. కూతురు కొట్టింది, పలికింది. మామగారు కొట్టారు, చచ్చింది. కేబుల్‌ని వేరే పోర్టులో పెట్టాడు. మళ్లీ అదే వరస. సర్వర్ తన పనులన్నీ రాసుకునే లాగ్ తిరగేశాడు. కార్డు ఆగిపోయే ముందు ఒక్క తప్పు కూడా లేదు. చక్కగా పనిచేస్తూ పనిచేస్తూ, ఉన్నట్టుండి స్పందించడం మానేసింది.

"మిషన్లకి కూడా మనుషుల మీద పట్టింపులుంటాయా బాబూ?" అంది అత్తగారు గుమ్మంలోంచి. "మేమందరం కొడితే పలుకుతోంది. ఆయన గొంతు ఆయనకే పలకదా?"

అల్లుడు లాగ్ మళ్లీ మొదటి నుంచి తిరగేశాడు. హాల్లో ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి మేనల్లుడు.

"మామయ్యా, థియేటర్ రెడీ అయింది. అమ్మ సంతకం పెట్టకపోతే వెనకున్న పేషెంట్‌ని తీసుకెళ్లిపోతారట. ఎలాగోలా బతిమాలి ఇంకొక్క ఫోన్‌కి ఒప్పించాను. కాసేపట్లో చేస్తాను. ఇదే ఆఖరు."

మామగారి వేలు టాబ్లెట్ అద్దం మీద గాల్లో ఆగి ఉంది. హాల్లోకి వచ్చిన అల్లుడు మొదటిసారి యంత్రాన్ని వదిలి మనిషిని చూశాడు. ఆయన ఒక మాట కొట్టారు. ఆలోచించారు. చెరిపేశారు. కిటికీ వైపు చూశారు. ఇంకో మాట కొట్టారు. గొంతున్న రోజుల్లోనూ ఆయన అంతే. టీ కావాలా అని అడిగితే, అది చల్లారాక ఔననేవారు.

"చూడండి బాబూ" అంది అత్తగారు విసుగ్గా. "ఈయన జవాబు కోసం కూర్చుంటే ఎవరికైనా నిద్ర ముంచుకొస్తుంది!"

అల్లుడు నిలుచున్న చోటే బిగుసుకుపోయాడు.

నిద్ర.

కరెంటు ఆదా చేయడానికి, పని లేనప్పుడు ఆ కార్డు నిద్రలోకి జారుకుంటుంది. జారుకోవాలి కూడా. పిలిస్తే లేవాలి. ఈ పాత కార్డు లేవడం లేదు. అతనూ, అత్తగారూ, కూతురూ కొట్టినప్పుడు దానికి కన్ను మూసే తీరిక లేదు. మామగారు వాక్యం మొత్తం కూర్చుకుని, సరిచూసుకుని, అప్పుడు పంపుతారు. ఆ లోపల సర్వర్‌కి ఒక్క అక్షరం కూడా చేరదు. ఆయన ఆలోచిస్తుంటే అది నిద్రపోతోంది.

"దొరికింది! ఆలస్యమైతే కార్డు నిద్రపోతోంది!" అని అరిచి స్టోర్ రూమ్‌లోకి దూకాడు.

ఆ నిద్ర అలవాటు పూర్తిగా మాన్పించాలంటే సర్వర్‌ని ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. గొంతు ప్రోగ్రాము మొత్తం లేచేసరికి చాలాసేపు పడుతుంది. అంత సమయం లేదు. డ్రైవర్ ఎక్కించి కార్డుని లేపాడో లేదో, హాల్లో ఫోన్ మోగనే మోగింది.

కూతురు తండ్రి చేతిలోంచి టాబ్లెట్ అందుకుంది. "నాన్నా, నువ్వు ఆలస్యం చేస్తే మళ్లీ చస్తుంది. నేను కొడతాను. సరేనా?"

ఆయన ఏదో అనబోయినట్టు చెయ్యెత్తారు. అప్పటికే ఆమె కొట్టేసింది.

"అక్కా, నేనే."

అవతల ఊపిరి ఆగినట్టయింది. "ఏరా, నువ్వేనా? ఎలా ఉన్నావు?"

"బాగున్నాను అక్కా."

"తిన్నావా?"

"తిన్నాను అక్కా."

"ఒళ్లు నెప్పులేమైనా..."

"ఏమీ లేవు అక్కా, నువ్వు వెంటనే సంతకం పెట్టు."

ఆ తర్వాత ఆవిడ గొంతు పూర్తిగా మారిపోయింది.

"ఎవరు నువ్వు?"

కూతురి వేళ్లు అద్దం మీద అంటుకుపోయాయి.

"గొంతు వాడిదే. మనిషి వాడు కాదు. వాణ్ణి ఎత్తుకుని పెంచినదాన్నమ్మా నేను. మాట అడిగితే వాడు జవాబు చెప్పేలోపు ఒక బకెట్టు బట్టలు ఉతికి ఆరేసేదాన్ని. నువ్వు అడక్క ముందే చెబుతున్నావు. ఆడుకోకండమ్మా నాతో. వాడు లేడని చెప్పేస్తే ఏడ్చి ఊరుకుంటాను కదా."

మామగారు కూతురి చేతిలోంచి టాబ్లెట్ మెల్లగా తీసుకున్నారు.

"నాన్నా, వద్దు... పోనీ, త్వరగా..."

ఆయన తల అడ్డంగా ఊపారు. ఒక మాట కొట్టారు. ఆగారు.

స్టోర్ రూమ్‌లో కార్డు లైటు టపటపా కొట్టుకుని ఆరిపోయింది.

అల్లుడి వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి. డ్రైవర్ తీసేయి. ఎక్కించు. లైటు రాలేదు. మళ్లీ తీసేయి. ఎక్కించు. నారింజ రంగు. రా... రా తల్లీ... ఆకుపచ్చ! ఇంకో కమాండ్ కొట్టాడు. చాలా చిన్నది, ఈ పనిలో అందరూ మొదట నేర్చుకునేది. ఆగకుండా రూటర్‌ని "ఉన్నావా?" అని అడుగుతూ ఉంటుంది. అది "ఉన్నాను" అంటుంది. ఈ పలకరింపులు సాగినంతసేపు కార్డుకి కునుకు పట్టదు. తెర మీద వరస కింద వరస కదలడం మొదలైంది.

"మామయ్యా!" అని గట్టిగా అరిచాడు. "తొందరేం లేదు! మీ ఇష్టమొచ్చినంతసేపు ఆలోచించుకోండి!"

మామగారు నిజంగానే ఆలోచించారు.

అవతల ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు. వింటోంది. ఈ పక్క ఎవరో మెడ దగ్గర్నుంచి సన్నగా ఊపిరి పీలుస్తున్నారు, వదులుతున్నారు. "అమ్మా, డాక్టరుగారు..." అని కొడుకు గొంతు వినిపించింది. "ష్, ఉండరా" అందావిడ.

మామగారు నొక్కారు.

"అక్కా. నా గొంతు తీసేశారు. ఇది మిషను. మాటలు నావే. నీకేమవుతుందోనని భయపడి చెప్పలేదు."

"వెధవా" అంది ఆవిడ. "ఇంత చిన్న ముక్క కూర్చడానికి ఇంతసేపా? ఆ మొహం పెట్టుకుని కూర్చున్నావు కదూ, నుదురు ముడేసి? కనిపిస్తోందిరా నాకు." ముక్కు ఎగబీల్చిన శబ్దం. "నెప్పి పుట్టిందా, తీసినప్పుడు?"

"తర్వాత పుట్టింది. ఇప్పుడు లేదు."

"పక్కన ఎవరున్నారు?"

"అందరూ ఉన్నారు. నీ మరదలు వాగుతూనే ఉంది."

అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

అవతలి గొంతు బాగా తగ్గింది. ఇంతసేపూ కేకలు వేసిన మనిషిదేనా అన్నంత చిన్నగా వచ్చింది.

"తమ్ముడూ, నాకు భయంగా ఉందిరా. సంతకం పెట్టనంటే పట్టుదలనుకుంటున్నారు వీళ్లు. పట్టుదల కాదు, భయం. నువ్వు చెప్పు. వెళ్లనా?"

ఆయన వేలు అద్దం మీద ఆగింది. ఒక మాట కొట్టి చెరిపారు. ఇంకొకటి కొట్టి చెరిపారు. స్టోర్ రూమ్ గుమ్మం దగ్గర అల్లుడు ఒక కంట తెరనీ ఒక కంట ఆయన్నీ చూస్తూ నిలబడ్డాడు. కార్డు మెలకువగానే ఉంది.

"నాకూ భయమేసింది" అంది ఆయన గొంతు. "అయినా వెళ్లాను. వెళ్లు అక్కా. నువ్వు లేచేదాకా ఈ మిషను ముందు నుంచి లేవను. లేచాక మాట్లాడదాం."

"మాట్లాడదామా? నువ్వా?" ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. "ఏదిరా ఆ కాగితం, ఇలా ఇవ్వు. నా చెయ్యి పట్టుకుని ఎక్కడ పెట్టాలో చూపించు."

మంచం చక్రాలు కదిలిన శబ్దం వచ్చింది. ఫోన్ ఆగిపోయింది.

అల్లుడు సర్వర్ ఆపి ఆ నిద్ర రోగానికి అసలు మందు వేద్దామనుకున్నాడు. మామగారు అరచెయ్యి అడ్డంగా చాచారు. వద్దు. ఇప్పుడు పనిచేస్తోంది. దాన్ని ముట్టుకోవద్దు. లిఫ్టులు బాగుచేసిన మనిషికి ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు, సర్వర్లు చూసుకునేవాడికి అసలే అక్కర్లేదు. ఆ రాత్రంతా స్టోర్ రూమ్‌లో పలకరింపులు సాగుతూనే ఉన్నాయి. ఆపరేషన్ బాగా జరిగిందని కబురొచ్చినా ఆయన సోఫా వదల్లేదు. టాబ్లెట్ ఒళ్లో పెట్టుకుని అక్కడే కునుకు తీశారు. అత్తగారు దుప్పటి కప్పి, ఏదో తిడుతూ పక్కనే కూర్చుంది.

మర్నాడు పొద్దెక్కాక ఫోన్ మోగింది. మేనల్లుడు. "అమ్మ లేచింది. మాట సరిగ్గా పెగలడం లేదు గానీ మామయ్యనే అడుగుతోంది. ఇస్తున్నాను."

"తమ్ముడూ" అంది నీరసంగా ఒక గొంతు. "ఉన్నావా?"

మామగారు వేలెత్తారు. అద్దం మీద ఆపారు. కిటికీ వైపు చూశారు.

అత్తగారు ఫోన్ దగ్గరికి వంగి, ఎన్నడూ లేనంత మెల్లగా చెప్పింది.

"ఉండండి వదినా, ఆలోచిస్తున్నారు."