తోడల్లుడి సూది

వంటాయన పిరికివాడని పోస్టులో అందరికీ తెలుసు. ఆయనా దాచుకోలేదు. గాలికి తలుపు కొట్టుకుంటే చేతిలో గరిటె జారవిడిచే మనిషి. గడ్డిపరక కూడా మొలవని మంచు గట్టు మీద, ఆరుగురు ఇరుకు రేకుల గదుల్లో సర్దుకుని సరిహద్దు కాసే చోటికి అలాంటి మనిషిని ఏరి మరీ పంపిన వాళ్లెవరో గానీ వాళ్లకు వేళాకోళం బాగా వచ్చి ఉండాలి. శత్రువు వస్తే మనకంటే ముందు వంటాయనే కేక పెడతాడు, వేరే సైరన్ దండగ అని పోస్టు పెద్దాయన అంటుండేవాడు.

పోస్టులో వైద్యం చూసే కాంపౌండరు ఆయనకు స్వయానా తోడల్లుడు. అక్కను ఈయన చేసుకుంటే చెల్లెల్ని అతను చేసుకున్నాడు. అత్తారింట్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా అందరూ చిన్నల్లుడి చుట్టూ చేరేవాళ్లు. పెద్దల్లుడు వంటలో ఘనాపాటి కదా అని ఆయన్ని పొయ్యి దగ్గరికి తోలేవాళ్లు. ఆ కడుపుమంట చాలా ఏళ్లు ఉండేది. ఈ గట్టు మీదికి వచ్చాక మాత్రం, అంత చలిలో మంటలు పెట్టుకోవడానికి ఓపిక లేకనో ఏమో, ఇద్దరూ ఒకే పెట్టె మీద కూర్చుని టీ తాగడం, మామగారి గురకని అనుకరించి నవ్వుకోవడం అలవాటు చేసుకున్నారు.

అంత ఎత్తులో తుపాకీ కంటే గాలికే ఎక్కువ భయపడాలి. అది పల్చగా ఉంటుంది, చాలదు. ఉన్నట్టుండి ఎవరికో ఒకరికి మెదడులో నీరు చేరుతుంది. ముందు తలనొప్పి, తర్వాత అడుగు తడబడడం, ఆ పైన మాట తేడా రావడం, చివరికి నిద్ర. ఆ నిద్రలోంచి లేచినవాళ్లు తక్కువ. అన్నిటికంటే పెద్ద చిక్కు, పట్టినవాడికి తనకు పట్టిందని తెలియదు. అందుకే రోజూ పొద్దున్నే కాంపౌండరు నేల మీద ఎర్ర టేపు అంటించి, మడమకు బొటనవేలు ఆనించి ఒక్కొక్కరినీ దాని మీద నడిపించేవాడు. పెళ్లిచూపుల్లో కూడా ఇంత నడిపించరని వాళ్లు ఎగతాళి చేస్తూనే నడిచేవాళ్లు. అందరూ కాంపౌండరు ముందు నడిచారు. కాంపౌండరు ఎవరి ముందూ నడవలేదు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆ వారం గాలి విడవకుండా కొట్టింది. హెలికాప్టర్ రాలేదు, రేడియోలో గరగర తప్ప మాట లేదు. అంతకుముందే ఒక జవానుకు ఈ జబ్బు పట్టి కిందికి దించారు. అతనికి వాడగా ఈ జబ్బుకు వేసే సూదిమందు ఒక్క సీసా మిగిలింది. కొత్త సరుకు హెలికాప్టర్లో రావాలి.

ఆ పొద్దున కాంపౌండరు వంటగది గడపలో భుజం కొట్టుకున్నాడు. వంటాయన నవ్వబోయి అతని కాళ్ల వంక చూశాడు. కుడి బూటు ఎడమ కాలికి ఉంది, ఎడమది కుడికి.

తర్వాత టేపు నడక మొదలైంది. వంటాయన నడిచి అవతలి చివర ఆగాడు. కాంపౌండరు ఆయన మొహంలోకి చాలాసేపు చూసి, "అన్నయ్యా, నీకు పట్టింది," అన్నాడు.

వంటాయన ఆ మాట కొట్టిపారేయలేకపోయాడు. ఎందుకంటే నిన్నటి నుంచి ఆయనకు తల పగిలిపోతోంది. గోరంత నొప్పిని కొండంత చేస్తాడని పేరుపడ్డవాడు కాబట్టి ఈసారైనా పరువు నిలుపుకుందామని నోరు మూసుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

వంటాయన గీత గీసినట్టు నడిచాడు కదయ్యా అని పెద్దాయన అడ్డం వచ్చాడు. మీ కళ్లే సరిగ్గా లేవని కాంపౌండరు గొణిగి, మందు పెట్టె వైపు వెళ్లబోయి, పక్కకు ఒరిగి పొయ్యికి తగిలాడు. సరే, నువ్వొకసారి నడిచి చూపించు అని పెద్దాయన నెమ్మదిగానే అన్నాడు. నాకే పరీక్షలు పెడతారా అంటూ కాంపౌండరు అందరి మీదా విరుచుకుపడ్డాడు. ఏనాడూ గొంతు పెంచని మనిషి. మెడలో వేలాడే మందు పెట్టె తాళంచెవిని పిడికిట్లో బిగించి, వంటాయనకు ఇప్పుడే సూది వేసి తీరాలని పట్టుపట్టాడు.

పెద్దాయన వంటాయనను సామాన్ల గదిలోకి లాక్కెళ్లాడు. "జబ్బు వాడిది. కానీ ఆ పెట్టెలో ఏ సీసా ఏమిటో, ఎంత ఎక్కించాలో వాడికి తప్ప మనకెవరికీ తెలీదు. నీకు వేస్తానంటున్నాడుగా, సూదిలోకి ఎక్కించనీ. సూది నిండాక నేను వాణ్ణి వెనక నుంచి పట్టుకుంటా. నువ్వు లాక్కుని వాడి తొడలో పొడిచెయ్."

సూది అంటే చిన్నప్పుడే మంచం కింద దూరిన మనిషి వంటాయన. అయినా అది కాదు ఆయన అడిగింది. నేను నిజంగా సరిగ్గానే నడిచానా అని అడిగాడు. నా కంటికైతే సరిగ్గానే ఉంది అన్నాడు పెద్దాయన. ఆ 'నా కంటికైతే' అన్న ముక్క దగ్గరే వంటాయన ఆగిపోయాడు. పెద్దాయన కన్ను తుపాకీ గురికి పనికొచ్చే కన్ను. ఈ జబ్బును పట్టే కన్ను పోస్టులో ఒక్కటే ఉంది, అది తనకు పట్టిందనే చెప్పింది. తోడల్లుడికి మతి చెదిరితే చెదరొచ్చు, అంతమాత్రాన చెప్పిందంతా అబద్ధం అవుతుందా? ఇద్దరికీ పట్టి ఉండొచ్చు కదా? ఉన్నది ఒక్క సీసా. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఆయన వచ్చి పెట్టె మీద కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఎదురుగా కాంపౌండరు మోకాళ్ల మీద కూర్చున్నాడు. మాట ముద్దగా వస్తోంది, కళ్లు ఒకచోట నిలవడం లేదు. చేతులు మాత్రం నేర్చిన పని మర్చిపోలేదు. సీసా మెడ విరిచి, మందు లాగి, గాలి బుడగ తట్టి తీసేశాడు. "భయపడకు అన్నయ్యా, నేనున్నాగా," అన్నాడు. ఆ మాటకు వంటాయనకు ఏడుపొచ్చింది.

సూది దగ్గరికి వచ్చింది. అప్పుడే వంటాయనకు ఒక సంగతి స్పష్టంగా తోచింది. తను కదలకుండా కూర్చుంటే చాలు, మందు తనలోకి వచ్చేస్తుంది. ఎవరూ తప్పుపట్టరు. పిరికివాడు, బిగుసుకుపోయాడు పాపం అనుకుంటారు. తల లోపల సుత్తితో కొడుతున్నట్టుంది. ఆయనకు బతకాలని ఉంది. అంతగా బతకాలని ఇంతకుముందెప్పుడూ అనిపించలేదు.

పెద్దాయన వెనక నుంచి కాంపౌండరు రెండు చేతులూ ఒడిసిపట్టాడు. వంటాయన సూది లాక్కున్నాడు. మొదటిసారి అది ప్యాంటు గుడ్డలోనే దిగింది. రెండోసారి కళ్లు మూసుకుని తొడలోకి దించి, అడుగుదాకా నొక్కాడు. కాంపౌండరు పసిపిల్లాడిలా ఏడుస్తూ, నీకు వెయ్యాల్సింది అన్నయ్యా, నీకు వెయ్యాల్సింది అని అంటూనే ఉన్నాడు.

అతన్ని పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టారు. ఖాళీ సీసా నేల మీద దొర్లుతోంది. దాన్ని తీస్తున్నప్పుడు వంటాయనకు ఆ బూట్లు గుర్తొచ్చాయి. బూట్లు తారుమారు చేసుకున్నవాడు సీసాలు తారుమారు చేయడని నమ్మకమేమిటి? ఆ పెట్టెలో అలాంటి గాజు సీసాలు ఇంకా ఉన్నాయి. మంచి చేస్తున్నాననుకుని మరదలి మొగుణ్ణి తన చేత్తోనే చంపేశాడేమో.

రేడియో మనిషి గరగరలోనే కింది ఆసుపత్రిని పిలుస్తూ కూర్చున్నాడు. వంటాయన పక్కనే నిలబడి సీసా పట్టుకున్నాడు. ఎప్పటికో ఒక గొంతు చిక్కింది. సీసా మీది పేరును అక్షరం అక్షరం విడగొట్టి చెప్పారు. గొంతు తెగిపోయింది. మళ్లీ దొరికింది. మళ్లీ చెప్పారు. సరైన మందే, సరిపడానే పడింది, గాలి తగ్గగానే దించుతాం అని కింది డాక్టరు చెప్పాక, ఆయన గోడకు జారగిలబడి అక్కడే కూర్చుండిపోయాడు.

తన తలనొప్పి మాట అప్పుడూ చెప్పలేదు. చెబితే మాత్రం ఏం చేస్తారు, ఇవ్వడానికి ఏముంది? కళ్లు మూస్తే మళ్లీ తెరవనేమోనన్న భయంతో ఆయన మంచు కరిగిస్తూ, కడిగిన గిన్నెలే కడుగుతూ ఉండిపోయాడు. పొయ్యి దాకా వేసే ప్రతి అడుగూ తనకే వంకరగా కనిపించింది.

తెల్లారేసరికి గాలి పడిపోయింది. హెలికాప్టర్ బయల్దేరిందన్న కబురు వచ్చింది. కాంపౌండరు లేచి కూర్చుని, నీరసంగా ఉన్నా, బూట్లు తనే సరిగ్గా తొడుక్కున్నాడు. వంటాయన టీ తీసుకెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"తమ్ముడూ, నన్నొకసారి చూడు. మొన్నటి నుంచీ తలనొప్పి," అన్నాడు.

కాంపౌండరు గ్లాసు పక్కన పెట్టి ఆయన కళ్లు చూశాడు, వేలు చూపించి ముక్కు తాకమన్నాడు, నడవమన్నాడు, మళ్లీ వెనక్కి నడవమన్నాడు. ఈసారి అతని చూపు నిలకడగా ఉంది. నీళ్లు సరిగ్గా తాగక, భయంతో నిద్రపోక వచ్చిన నొప్పి తప్ప ఏమీ లేదన్నాడు. వంటాయన పెట్టె మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

కాంపౌండరు ఏదో లెక్క కుదరనట్టు ఆయన్నే చూస్తూ ఉన్నాడు.

"అన్నయ్యా, నీకు పట్టిందని నేను అన్నప్పుడు, నమ్మావా?"

"నమ్మాను."

"మందు ఒక్కటే ఉందని తెలుసు కదా."

"తెలుసు," అన్నాడు వంటాయన.