పాలు విరిగిన రోజు

కాఫీ షాపు షట్టరు లేవగానే ఆమె మొదట మిషను వేడెక్కిస్తుంది, తర్వాత గింజలు ఆడిస్తుంది, ఆ తర్వాత చెంప మీది వాపు కనపడకుండా జుట్టు ముందుకి లాక్కుంటుంది. ఆ చివరి పని శుద్ధ దండగ. ఆమె చేతి కాఫీ తాగిన ప్రతివాళ్ళకీ ఆమె ఒంట్లో నొప్పి వాళ్ళ ఒంట్లో తెలుస్తుంది. ఆవిరి గొట్టం తగిలి ఆమె వేలు చురుక్కుమంటే, కిటికీ పక్కన కూర్చున్న మాస్టారు తన వేలు ఊదుకుంటాడు. కాఫీ కడుపులో ఉన్నంతసేపూ అంతే. అలాగని ఆమె నొప్పి వీసమెత్తు తగ్గదు.

ఇందులో ఎవరికీ వింత కనపడలేదు. కాఫీ అమృతంలా ఉండేది, మానుకోలేరు. అందుకని ఆమె మొగుడు కొట్టిన దెబ్బల్ని పలచన చేసుకునే దారులు వెతుక్కున్నారు. వేరే షాపుల్లో కాఫీ చేసే బారిస్టాలు పేరైనా వినని కాఫీలు ఆ వీధిలో అందరికీ నోటికొచ్చు. సరిసమానంగా పాలు కలిపే కోర్టాడో అయితే నొప్పి సగమే. ఐస్‌క్రీము ముద్ద మీద చిక్కటి కాఫీ పోసే అఫొగాటో అయితే ఒళ్ళు తిమ్మిరెక్కి అసలు తెలియదు. రిస్ట్రెట్టో జోలికి మాత్రం ఎవరూ పోరు. అంతే పొడి, సగం నీళ్ళు, రెండు గుక్కలు, మొత్తం దెబ్బలు.

"ఇవాళ ఎక్కడమ్మా?" అనేవాడు మందుల షాపాయన.

"వీపు సార్."

"అయితే అఫొగాటో ఇచ్చెయ్. నాకసలే నడుం నొప్పి."

సిగ్గులేని జనం. ఏ పక్కటెముక చిట్లిందో అందరికీ తెలుసు, ఒక్కడూ నోరెత్తలేదు.

దర్జీ కొట్టు పైన ఆమె విడిగా ఉండటానికి గది మాట్లాడుకుందని మొగుడికి తెలిసిపోయింది. "షాపుకెళ్ళావంటే చెయ్యి విరగ్గొడతా" అన్నాడు ఒకరోజు పొద్దున్నే. ఆమె వచ్చేసింది. చెయ్యి పోయినా, షాపు మానేసినా పని పోతుంది, పని పోతే గది పోతుంది, ఇక ఆ ఇంట్లోనే చావాలి.

వచ్చి చూస్తే ఫ్రిజ్ ఆగిపోయి పాలన్నీ విరిగాయి. ఐస్‌క్రీము నేలంతా కారింది.

"ఇప్పుడెలాగే?" ఓనరమ్మ తల పట్టుకుంది.

"రిస్ట్రెట్టో, లేదంటే నిమ్మతొక్క వేసి రోమానో. పాలు లేకుండా అంతే అక్కా."

"చస్తారే జనం!"

"నేను చచ్చానా?"

జనం సణిగారు, అయినా తాగారు. మాస్టారు రోమానో ఒక గుక్క వేసి బల్ల గట్టిగా పట్టుకున్నాడు. ఆమె మాట్లాడుకున్న గది కింది కొట్టు దర్జీ ఆవిడ చెంప మీద చెయ్యేసుకుని బావురుమంది. మందుల షాపాయన రిస్ట్రెట్టో మింగి వంగిపోయి, "ఇన్నాళ్ళూ ఇదా?" అన్నాడు. ఆమె తన పని చేసుకుంటోంది.

అప్పుడొచ్చాడు మొగుడు. వాడు తన్నిన తన్నుకి తలుపు అద్దం భళ్ళుమంది. కౌంటరు దాటి వచ్చి, జుట్టు పట్టుకుని ఆమె తలని మిషనుకేసి కొట్టాడు. షాపులో అందరూ నుదురు పట్టుకున్నారు.

"గది కావాలే నీకు?"

కుడిచెయ్యి కౌంటరు మీద అదిమిపెట్టి, కాఫీ పొడి నొక్కే ఇనప దిమ్మె ఎత్తి కొట్టాడు. ఆమె చూపుడు వేలు పుటుక్కుమంది. ఆమె అరిచింది. ఆమెతో పాటు షాపు షాపంతా అరిచింది.

దిమ్మె రెండోసారి లేచింది. జనం కూడా లేచారు. జాలితో కాదు, ఎవరి చెయ్యి వాళ్ళు కాపాడుకోవడానికి. మాస్టారు కుర్చీ ఎత్తి వాడి మోకాళ్ళ మీద విరిచాడు. దర్జీ ఆవిడ సలసల కాగే నీళ్ళు మొహాన కొట్టింది. మందుల షాపాయన వాడి మీదెక్కి కూర్చుని, దిమ్మె పట్టిన చేతిని నేలకేసి బాదాడు, ఎముకలు నలిగేదాకా బాదాడు. వాడు పెళ్ళాం చేతి కాఫీ ఎన్నడూ తాగి ఎరగడు. తన నొప్పి ఒక్కటే తెలిసింది, దానికే ఊరంతా వినపడేలా పెడబొబ్బలు పెట్టాడు.

పోలీసులు వాణ్ణి ఆస్పత్రికీ, అక్కణ్ణుంచి జైలుకీ తీసుకుపోయారు. ఆమె గదిలోకి మారింది. వేలు కాస్త వంకరగా అతుక్కుంది గానీ పనికి అడ్డం రాలేదు.

కొన్నాళ్ళకి మందుల షాపాయన వచ్చి, తనంతట తనే రిస్ట్రెట్టో అడిగాడు. కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగాడు. వీపు తడుముకున్నాడు, చెంప తడుముకున్నాడు.

"ఇవాళ ఏమీ తెలియట్లేదేంటమ్మా?"

"ఏం తెలియాలి సార్?" అంది ఆమె, అందరికీ వినపడేలా.

ఆయన తల దించుకున్నాడు. కప్పులో ఇంకో గుక్క ఉంది. అది తాగడం ఆయన వల్ల కాలేదు.