చన్నీళ్ళ లైను

కొత్త బాత్రూము నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, నేను కూడా లోపల నిలబడితే ప్లంబరు సుభానీకి చెయ్యి ఆడటం లేదు, జరుగుదామంటే ఇటు సిమెంటు తట్ట, అటు గుమ్మంలో అడ్డంగా మా ఆయన, కొత్త షవర్ డబ్బా విప్పుతున్నాడు, ఎంత మురిపెమో ఆ మొహంలో, చూడు సిద్దికా, పళ్ళెమంత ఉంది, వేడినీళ్ళు వాన పడ్డట్టు పడతాయి నీకు, అంటున్నాడు, నేను నవ్వుతున్నాను, నవ్వడం బాగా అలవాటైపోయింది, మెడ మాత్రం భగభగమంటోంది, పొద్దుట్నుంచి మరలో రెండు బస్తాల మిరపకాయలు ఆడించి, ఒంటి మీది కారం ఒంటి మీదే ఉండగా ఇటొచ్చాను, ప్లంబరు పిలుస్తున్నాడని ఈయన ఫోన్ చేశాడు కదా, సుభానీ గోడలో కొట్టిన గాడి చూపిస్తున్నాడు, కలీమన్నా, ట్యాంకు శ్లాబు మీదే పెడితే జోరుండదు, మెట్ల గది మీదకి ఎక్కిద్దాం, ఇంచి పైపు దించుదాం, వంపులు తగ్గిద్దాం, ఒక్కో వంపుకీ జోరు తగ్గిపోద్ది, అని చెప్పి నా వైపు తిరిగాడు, వదినా, ఇంకో లైనేదన్నా కావాలంటే ఇప్పుడే చెప్పు, కాసేపట్లో గాడి పూడ్చేస్తా, రేపు టైల్స్ పడ్డాయంటే ఇంక పగలగొట్టుకోవాల్సిందే.

కావాలి, బోరు నుంచి నేరుగా, ట్యాంకు ఎక్కకుండా, ఈ మూలకి ఒక్క చన్నీళ్ళ లైను కావాలి, నోటిదాకా వచ్చింది, మింగేశాను, చెబితే ఎందుకని అడుగుతారు, ఎందుకో చెప్పాలంటే ఆరేళ్ళు వెనక్కి పోవాలి, కారం మరలో పనిచేసే ఏ ఆడదాన్నైనా అడగండి, కారం పడ్డ ఒంటి మీద వేడినీళ్ళు పోసుకుంటే ఏమవుతుందో, మెడ, మోచేతి మడతలు, కళ్ళ కింద, నిప్పు పెట్టినట్టే, ముందు ఒళ్ళంతా నూనె రాసుకుని తర్వాత చల్లటి నీళ్ళే గుమ్మరించుకుంటాం, మా అమ్మా అంతే, మరలో నాతో పనిచేసే రిహానా అంతే, ఈయనది కనిగిరి వైపు, బట్టల కొట్టు మనిషి, అలసిన ఒంటికి వేడినీళ్ళని తప్ప ఇంకేం తెలియదు, పెళ్ళైన రెండో వారం నేను మర నుంచి వచ్చేసరికి హీటరు పెట్టి బకెట్టు కాచి ఉంచాడు, ఒక్క చెంబు పోసుకుని, కేక బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకున్నాను, తలుపు బయట నుంచి బాగుందా అన్నాడు, చాలా బాగుందండీ అన్నాను, కొత్త పెళ్ళికూతుర్ని, ఇంకేమంటాను.

అప్పట్నుంచి రోజూ బకెట్టు, రోజూ బాగుందా, రోజూ బాగుంది, రోజూ ఆ వేడినీళ్ళు చప్పుడు వినిపించేలా తూములోకి ఒంపేసి, మూలనున్న డ్రమ్ములో నీళ్ళు పోసుకోవడం, మెడ కందిందేమిటి అంటే ఎండ అన్నాను, రిహానా అయితే అలాంటి మొగుడు ఎక్కడ దొరుకుతాడే అంటుంది, నిజమే, అదే కదా నా ప్రాణం మీదకొచ్చింది, తిట్టే మొగుడైతే తిరిగి తిట్టేదాన్ని, ఇప్పుడు నల్లపాడులో సొంత ఇల్లు, నా కోసమని గీజర్, నా కోసమని షవర్, ఎడమకి తిప్పితే గీజర్ నీళ్ళు, కుడికి తిప్పితే ట్యాంకు నీళ్ళు, మార్చి దాటితే ఆ ట్యాంకూ మధ్యాహ్నానికి కాగిపోతుంది, మరకి ఊపిరాడని పచ్చళ్ళ రోజులూ అవే, ఈ కొత్త బాత్రూములో డ్రమ్ముకి చోటు కూడా లేదు, బకెట్టయితే ఒంపేయవచ్చు, పైనుంచి పడేదాన్ని ఎక్కడికని ఒంపను, మర మానేస్తే సరి, మానను, అది మా అమ్మ నా చేతిలో పెట్టిన పని, దాని రొద లేకపోతే నాకు తోచదు.

సుభానీ తాపీ తీసుకున్నాడు, ఈయన నా మొహంలోకి చూస్తున్నాడు, నచ్చలేదా అంటున్నాడు, ఒక్కసారిగా ఒళ్ళు మండిపోయింది, కారానికి కాదు, ఆరేళ్ళు ఒక మనిషితో కాపురం చేసి నా ఒంటికి ఏం పడుతుందో కూడా తెలుసుకోవా అని అరవాలనిపించింది, అరవబోయి ఆగిపోయాను, తెలుసుకోలేదని ఎలా అనను, అడిగాడు కదా, ఒక్క రోజు కూడా మానకుండా తలుపు బయట నిలబడి అడిగాడు, ఈ గోడలో ఉన్న ప్రతి పైపూ నేను చెప్పిన జవాబు ప్రకారమే వేయించాడు, ఆయన మొహం చిన్నబోతుందని నేను దాచింది జాలి అనుకున్నాను, మంచితనం అనుకున్నాను, ఆయనకి అసలు నన్ను చూసే వీలే లేకుండా చేశాను, రేపు దాని మీద టైల్స్ కూడా వేయిస్తున్నాను, సుభానీ, కాసేపు ఆగు, అన్నాను, ఏమండీ, మొదటి రోజు ఒక్క చెంబు తప్ప, మీరు కాచిన నీళ్ళు నేను ఏ రోజూ పోసుకోలేదు.