అంగడి మనిషి కూతురు

లహరి అనంతపురంలో ఇంటర్ చదివిన రెండేళ్లూ అమ్మను కన్నవాళ్ల ఇంట్లోనే, అవ్వ పద్మావతమ్మ దగ్గరే ఉంది. తల్లి వనజాక్షి మాత్రం ఆ గడప తొక్కి పద్దెనిమిదేళ్లయింది. బట్టల అంగడి శెట్ల ఇంట పుట్టి, కుందుర్పి పక్కన మెట్టచేలో వేరుశనగ వేసుకునే కాపు నారాయణను చేసుకున్నదని పుట్టింటివాళ్లు ఆమెను వదిలేశారు. మనవరాలిని చదువుకు రానిచ్చినప్పుడు వనజాక్షి పొంగిపోయింది. "బిడ్డను రానిచ్చినారు, రేపు నన్నూ రానిస్తారు" అంది.

ఆ ఇంట్లో లహరికి కంచం వేరు, గ్లాసు వేరు. వంటింట్లోకి పోవద్దని ఎవరూ అనలేదు. పోబోయినప్పుడల్లా అత్త ఎదురొచ్చి, "ఏం కావాల పాపా, నేనిస్తాలే" అనేది. లహరి మాంసం మానేసింది. మాటలో ఊరి యాస తగ్గించుకుంది. మారెమ్మ జాతరకు ఊరికి పోయినప్పుడు ముక్క ముట్టకపోతే, నాయనను కన్న జేజి చెన్నమ్మ పదిమందిలో ఆమె ముందున్న విస్తరి లాగేసింది.

"మన కూడు దీనికేం రుచిస్తాది? శెట్టమ్మయిపోయినాది" అంది. నారాయణ తల ఎత్తకుండా తినేసి లేచాడు.

ఆ ఎండాకాలంలోనే మామ భరత్‌కుమార్ కూతురు అనుపమకు హిందూపురం నుంచి సంబంధం వచ్చింది. చూపుల నాడు అనుపమ లహరిని పక్కనే కూర్చోబెట్టుకుంది. ఆ ఇంట్లో లహరితో మనసు విప్పి మాట్లాడేది ఈ వదిన ఒక్కతే.

పెళ్లికొడుకు తల్లి ఇద్దరినీ మార్చిమార్చి చూసింది. "ఈ పాప ఎవరు? మీ పోలికలే ఉండాయే."

"మా అంగట్లో పనిచేసే మనిషి కూతురమ్మా" అన్నాడు భరత్‌కుమార్, తడుముకోకుండా. "చదువుకునేకి ఈడ పెట్టుకున్నాం."

లహరి అవ్వ వైపు చూసింది. పద్మావతమ్మ తాంబూలం పళ్లెంలో వక్కలు సర్దుతోంది.

పెళ్లికొడుకు తల్లికి నమ్మకం కుదిరినట్టు లేదు. "మీ అమ్మ ఏం చేస్తాది పాపా?" అని లహరినే అడిగింది.

అనుపమ చెయ్యి వచ్చి లహరి మణికట్టు పట్టుకుంది. అది బతిమాలే పట్టు.

"నాయన ఈళ్ల అంగట్లోనే ఉంటాడు" అంది లహరి. మళ్లీ తనే, "అమ్మ లేదు. సచ్చిపోయినాది" అంది.

పద్మావతమ్మ పళ్లెం వదిలి లోపలికి పోయింది. సంబంధం ఖాయమైంది. వాళ్లు వెళ్లగానే అత్త, "రా పాపా, లోపలికొచ్చి తిను" అని వంటింట్లోకి పిలిచింది. లహరి బ్యాగు సర్దుకుని కళ్యాణదుర్గం బస్సెక్కింది.

ఇంటికొచ్చి తల్లికి జరిగిందంతా దాచకుండా చెప్పింది. తిట్టినా బాగుండు, కొట్టినా బాగుండు అనుకుంది. వనజాక్షి చేటలో కందిపప్పు చెరుగుతూనే ఉంది.

"మంచి పని చేసినావు. నిజం చెప్పింటే ఆ పిల్ల సంబంధం చెడిపోయేది."

"నువ్వు సచ్చిపోయినావని చెప్పినా అమ్మా."

"వాళ్లకు నేను ఎప్పుడో సచ్చినా. నువ్వు కొత్తగా సంపిందేముంది?"

పెళ్లికి పిలుపు రాలేదు. ముహూర్తం నాటి ఉదయం అనుపమ లహరి ఫోనుకు పెళ్లి లైవ్ లింకు పంపింది: 'అత్తకు చూపించు'. వనజాక్షి తలంటుకుని, పెట్టెలోని పట్టుచీర కట్టుకుని, ఫోను చెంబుకు ఆనించి కూర్చుంది. తాళి కట్టే వేళకు అక్షింతలు తీసి తెర మీద చల్లింది.

"మా అమ్మ ఎంత చిక్కిపోయినాది, చూడు పాపా."

లహరి చూడలేదు. బిందె తీసుకుని నీళ్ల ట్యాంకరు దగ్గరికి పోయింది. వరసలో ముందున్న నాగలక్ష్మమ్మ వెనక్కి తిరిగి, "ఏం శెట్టమ్మా, మీ వాళ్లింట్లో పెండ్లంటనే, పోలేదా?" అని అడిగింది.

"మా వాళ్లెవరు?" అంది లహరి.

నిజంగానే అడుగుతోందని నాగలక్ష్మమ్మకు తెలియలేదు. నవ్వేసి తన బిందె ముందుకు జరుపుకుంది.