చదవని సంతకం

మా పరిశోధకుల లోకంలో ఒక సిగ్గుమాలిన ఆచారం ఉంది. గ్రీన్‌కార్డు కోసం సిఫార్సు లేఖ ఎవరికి కావాలో వాళ్ళే రాసుకోవాలి. ‘ఈమెది అసాధారణ ప్రతిభ, ఈమె వెళ్ళిపోతే ఈ దేశానికే నష్టం’ అని మన గురించి మనమే రాసుకుని పెద్దాయన ముందు పెడితే, ఆయన కింద సంతకం గీకుతాడు. ఇది అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనరు.

నేను షిరాజ్‌లో పుట్టి పెరిగినదాన్ని. వంట బాగుందని ఎవరైనా అంటే ‘అయ్యో, ఏదో ఉడకేశాను’ అనాలని నేర్పిన ఇల్లు మాది. అలాంటిది నన్ను నేనే పొగుడుకుంటూ పేజీలు నింపాలంటే ప్రాణం తోకకొచ్చింది. మొదటిసారి ‘ఈ పనిలో ఫరంగీస్ కూడా సాయపడింది’ అని నా గురించి రాసి పంపితే, మా లాయరు ప్రూయిట్ ఫోన్లో ఒంటికాలి మీద లేచింది.

“సాయపడటమేంటమ్మా? అక్కడ గిన్నెలు కడిగావా? ఆ పరీక్ష పట్టీ కనిపెట్టింది నువ్వా, కాదా?”

“నేనే.”

“మరి అదే రాసి ఏడు! ‘ఈమె ఒక్కతే’ అని రాయి.”

రాశాను. నిజం కాబట్టే రాశాను. ఇక్కడ అయోవా గోదాముల్లో నిలవున్న మొక్కజొన్నకు బూజు పడితే విషం పుడుతుంది, అది కంటికి కనపడదు. గింజల పిండిని తడిపి అందులో ముంచితే, విషం ఉంటే వెంటనే రంగు మారిపోయే కాగితపు పట్టీ నాది. మా ప్రొఫెసర్ లిండ్‌క్విస్ట్ ఆ లేఖ మీద సంతకం పెట్టాడు. పెడుతున్నంతసేపూ ఎవరితోనో ఫోన్లో చేపల వేట గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. కాగితం వంక చూడనైనా లేదు మహానుభావుడు.

నా పక్క బల్ల బొగ్దాన్‌ది. రుమేనియా నుంచి వచ్చాడు, నాలాగే గ్రీన్‌కార్డు కోసం తిప్పలు పడుతున్నాడు. ఒకరోజు మెల్లగా నా దగ్గరికి చేరి, “నీ లేఖ ఒకసారి ఇస్తావా, నమూనాకి?” అని అడిగాడు. మా దగ్గర అందరూ అలా ఇచ్చిపుచ్చుకుంటారు, కాబట్టి ఇచ్చాను. వాడు పదేపదే థాంక్స్ చెబుతుంటే, మా ఊళ్ళో ఎవరైనా అనే మాటే అన్నాను.

“దానికేముంది, అది నీదే అనుకో.”

మా షిరాజ్‌లో టాక్సీవాడు కూడా డబ్బివ్వబోతే ‘వద్దులెండి’ అంటాడు. అంతమాత్రాన ఇవ్వకుండా దిగిపోయినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. బొగ్దాన్ దిగిపోయాడు.

వసంతంలో ఇమిగ్రేషన్ వాళ్ళ దగ్గర్నుంచి తాఖీదు వచ్చింది. ఇవే మాటలు, ఇదే సంతకంతో, ఇదే ల్యాబులోని మరొకరి దరఖాస్తులోనూ ఉన్నాయట. పట్టీని ఒక్కరే కనిపెట్టారంటే ఆ ఒక్కరెవరో ప్రొఫెసర్ సంతకంతో వివరణ పంపాలట, లేకపోతే దరఖాస్తు కొట్టేస్తారట. కొట్టేస్తే ఎండాకాలంతో నా వీసా సరి. ఆ తర్వాత ఈ దేశంలో నాకు చోటు లేదు. ఆంక్షల వల్ల మా దేశంలో ఆ పట్టీకి కావలసిన రసాయనాలు అమ్మేవాడు లేడు.

తాఖీదు పట్టుకుని తిన్నగా కాఫీ గదికి వెళ్ళాను. బొగ్దాన్ అక్కడే ఉన్నాడు.

“ఫరంగీస్ జాన్, పొద్దున్నే ఏంటా మొహం?”

“ముద్దుగా జాన్ గీన్ అన్నావంటే పళ్ళు రాలతాయి. నా పట్టీ నీ లేఖలోకి ఎలా వచ్చింది?”

“నువ్వే ఇచ్చావుగా.”

“నమూనాకి ఇచ్చానురా! పేరు మార్చుకుని నా పని కూడా మింగమన్నానా?”

“అది నీదే అనుకో అన్నావా, లేదా? అనుకున్నాను.” తాపీగా కాఫీ చప్పరించాడు. “అయినా ఆ పట్టీలకు కాగితం నేను కొయ్యలేదా? రెండు వేసవులు కూర్చుని కోశాను.”

“కోశావు. కత్తెర కూడా కోసింది. దానికీ గ్రీన్‌కార్డు ఇప్పిద్దామా?”

వాడి మొహం మాడిపోయింది. కప్పు టక్కున బల్లమీద పెట్టాడు.

“చూడు, తాఖీదు నాకూ వచ్చింది. నాకూ పెళ్ళాం ఉంది, పసిపిల్ల ఉంది. ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను. నీకు దిక్కున్నచోట చెప్పుకో.”

ఛీ, వీడికా నేను ప్రతి నౌరోజు పండక్కీ మిఠాయిలు పంచాను అనిపించింది. ఆ రాత్రే వివరణ రాసుకుని, మర్నాడు ప్రొఫెసర్ గదికి వెళ్ళాను.

“ఓ, ఆ గొడవా?” అన్నాడు లిండ్‌క్విస్ట్, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా. “దానికింత హడావుడి దేనికి? తెచ్చావా? ఇలా ఇయ్యి, సంతకం పెట్టేస్తా. బొగ్దాన్ కూడా ఇందాకే తెచ్చాడు, పెట్టేశా.”

“ఏమని రాశాడు?”

“ఏమో.”

నా ఒళ్ళు భగ్గున మండింది. ఆయన కలం తీశాడు. నేను కాగితం మీద అరచెయ్యి పెట్టాను.

“చదవండి.”

“నువ్వు రాశావుగా, బాగానే ఉంటుంది.”

“ఆరేళ్ళుగా మీ దగ్గర చాకిరీ చేస్తున్నాను. నా గురించి రాసింది ఒక్క ముక్క మీరు చదివిన పాపాన పోలేదు. ఇది చదివి పెట్టండి. నా ముందే.”

ఆయన విసుగ్గా కళ్ళజోడు పెట్టుకుని మొదలుపెట్టాడు. మొదటి పేజీ గబగబా దాటేశాడు. రెండో పేజీ మధ్యలో ఆగి తలెత్తాడు.

“ఈ పట్టీ ఆలోచన నీదా?”

“ఏంటీ?”

“కాదు, ఇన్నాళ్ళూ నేను బొగ్దాన్‌దనుకుంటున్నాను. ప్రతి మీటింగులో నువ్వే అనేదానివి కదా, అందరం కలిసి చేశాం, బొగ్దాన్ లేకపోతే అయ్యేది కాదు అని.”

“అది మర్యాదకి అన్నాను!”

“పరిశోధన దగ్గర మర్యాదేంటి? నువ్వు చెప్పింది నేను నమ్మాను.”

“అచ్చయిన పరిశోధన పేపరు మీద మొదటి పేరు నాది. అదైనా చూడలేదా?”

“చూశాను. రాసిపెట్టింది నువ్వనుకున్నా. నీకు రాయడం బాగా వచ్చుగా.”

చెంప మీద కొట్టినా అంత మంట పుట్టేది కాదు. ఈయన మాట మీదే కదా ఒక దేశం నన్ను ఉంచుకోవాలో వెళ్ళగొట్టాలో తేల్చుకోబోతోంది! ఆయన మిగతాదంతా నిదానంగా చదివి, కలానికి మూత పెట్టేశాడు.

“ఇది చాలా పెద్ద మాట. ‘ఈమె ఒక్కతే’ అట. ఇందాకే బొగ్దాన్ కాగితం మీదా సంతకం పెట్టి ఇచ్చాను. తెలిసి తెలిసి ఇప్పుడు దీని మీద పెట్టలేను. నా పరువు పోతుంది.”

“ఇందాక కలం తీశారు కదా!”

“తీశాను. చదవమన్నది నువ్వే.”

గురువుకి ఎదురు మాట్లాడటం మా ఇంటా వంటా లేదు. ఆ రోజు మాట్లాడాను.

“పట్టీ నాది. ఆలోచన నాది, కష్టం నాది. దాన్ని చూపించి మీరు తెచ్చుకున్న పేరూ నాదే. మీకు సిగ్గు లేదు.”

ఆయన కోప్పడనైనా లేదు. కాగితాలను ఒక వేలితో నావైపు తోసి, మళ్ళీ కంప్యూటర్ వైపు తిరిగాడు.

“వెళ్తూ తలుపు వేసి వెళ్ళు.”

వెయ్యలేదు. వరండాలోకి వచ్చేసరికి ప్రూయిట్ ఫోన్ చేసింది.

“సంతకం అయిందా?”

“కాలేదు.”

“ఏం, ఊళ్ళో లేడా?”

“ఉన్నాడు. చదివాడు.”